రాత్రివేళ ట్రక్కు దీపములు: అవి వెలుగకుండుటకు కారణములు, సరిచేయు విధము

ట్రాక్టరునకు తగిలించి లాగెడి బండిని మన జిల్లాలలో కొందఱు ట్రక్కనియు, కొందఱు ట్రాలీయనియు చెప్పుదురు. కంపెనీ పుస్తకములలో ట్రైలరని యుండును. ఈ వ్యాసమున మేము ట్రక్కనియే వ్రాసెదము. ఎడ్లబండి యిరుసు క్రింద వ్రేలాడు లాంతరుతో సరిపోయిన రాత్రి ప్రయాణము నేడట్లు సరిపోదు. ఏలయన మన ధాన్యము, చెఱకు, వరిగడ్డి పోవు దారినే లారీలును, కార్లును, మోటారు సైకిళ్లును మిగుల వేగముగా వచ్చుచున్నవి. చక్కెర కర్మాగారములు నడచు కాలమునను, గుంటూరు యార్డునకు మిరపయు, నిజామాబాదు యార్డునకు పసుపును చేరు దినములందును రాత్రివేళ ట్రక్కులు రోడ్డెక్కుట తప్పదు. వానిలో వెనుక దీపము లేనివి యెన్ని పోవుచున్నవో మన సభ్యు లెఱుగని విషయము కాదు.

ఇందలి యపాయము లెక్కవేసి చూచినగాని బోధపడదు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున వచ్చు బండి యొక్క సెకనులో సుమారు 17 మీటర్లు ముందునకు వచ్చును. ఎదుట నేదో యున్నదని కనుగొని డ్రైవరు బ్రేకుపై కాలు వేయునంతలో ఒకటి, ఒకటిన్నర సెకను గడచును. అనగా పదునేడు మొదలు ఇరువదియైదు మీటర్లు పోయినవి. బ్రేకు పట్టిన పిమ్మట పొడి రోడ్డుపైనను మఱి యిరువది మీటర్లకు పైగా సాగిగాని బండి నిలువదు. దించిన హెడ్‌లైటు వెలుతురులో, దుమ్ము పట్టిన ట్రక్కు వెనుక తలుపు కనబడు దూరము ఇంచుమించుగా నింతియే. వానగాని, తెల్లవారుజామున మంచుగాని యున్నయెడల అదియు నుండదు. ట్రాక్టరు వెనుక దీపములు వెలుగుచున్నవి గదాయని కొందఱందురు. గడ్డి నింపిన ట్రక్కు వెనుక వచ్చువానికి ట్రాక్టరే కనబడదు. దాని దీప మెట్లు కనబడును? 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములును, రాత్రి వేళ వెనుక ఎఱ్ఱదీపము వెలుగవలెననియు, వెలుతురు పడినప్పుడు మెఱసెడి ఎఱ్ఱబిళ్లలు ఉండవలెననియు విధించుచున్నవి.

దీపము వెలుగలేదనగానే మనవారు చేయు మొదటి పని బల్బు మార్చుట. రెండవ పని మఱియొక బల్బు మార్చుట. “నిన్ననే కొత్త బల్బు వేయించితినండీ, మఱల పోయినది” అను మాట మేము పలుమాఱులు వింటిమి. ఆ పాత బల్బును తీసి బ్యాటరీకి తగిలించి చూచినచో చక్కగా వెలుగును. మేము చూచినంతలో ట్రక్కు దీపముల తగవు తఱచుగా బల్బులో నుండదు. బల్బు నుండి ట్రాక్టరునకు తిరిగివచ్చు దారిలో నుండును. ఈ యొక్క సంగతిని రైతు గ్రహించెనా, పట్టణమునకు పోయి మెకానిక్కు కొఱకు వేచియుండు పని చాలవఱకు తప్పును.

తిరుగుదారి, అనగా ఎర్తు

విద్యుత్తు బ్యాటరీ నుండి బయలుదేరి దీపమును చేరుటతో పని ముగియదు. అది మఱల బ్యాటరీని చేరవలెను. పిండిమర పట్టాను చూడుడు. పై భాగము మోటారు నుండి పోవుచుండును, క్రింది భాగము తిరిగి వచ్చుచుండును. క్రిందిదానిని కోసి, పైది బాగుగనే యున్నదిగదా యన్నచో మర తిరుగునా? దీపమునకు పోవు తీగ పట్టా పైభాగము వంటిది. తిరిగివచ్చు దారినే ఎర్తు అందురు. ఇండ్లలో భూమిలో పాతు ఎర్తు వేఱు, ఇది వేఱు. ట్రాక్టరులో బ్యాటరీయొక్క మైనసు కొనను ఇనుప శరీరమునకు బిగింతురు. కావున ట్రాక్టరు ఇనుమంతయు తిరుగుదారియే. మిక్కిలి పాత ట్రాక్టర్లు కొన్నింటిలో ప్లస్సు కొనయే శరీరమునకు బిగించియుండును. ఏ కొన బిగించియున్నదో కంటితో చూచి తెలిసికొనవచ్చును.

ట్రక్కు వేఱొక ఇనుము. అది ట్రాక్టరును తాకునది డ్రాబారు కొనయందలి పిన్నుకడ మాత్రమే. తిరుగుదారికొఱకు ప్రత్యేకముగా తీగ వేయక, ఆ పిన్ను మీదనే భారము మోపిన ట్రక్కులు మన గ్రామములలో విస్తారముగా నున్నవి. ఆ పిన్ను సంగతి మనకు తెలియనిదా? ఒకప్పుడు తుప్పు, ఒకప్పుడు గ్రీజు, క్రొత్త ట్రక్కయిన రంగు, ఎండకాలము దుమ్ము, వానకాలము బురద. ఇవి యన్నియు విద్యుత్తునకు అడ్డములే. బరువు వేసి నిలిపినప్పుడు ఇనుము ఇనుమును గట్టిగా నొరసి దీపము వెలుగును. గతుకులలో పిన్ను ఎగిరిపడగా ఆఱును. పగలు ఇంటి ముంగిట చూచినపుడు బాగుగా వెలిగి, రాత్రి రోడ్డుపై మోసము చేయు దీపముల రహస్య మిదియే. వెనుకకు ఎత్తి దించు హైడ్రాలిక్ ట్రక్కులలో దీపములు ఎత్తెడి తొట్టికి బిగించియున్నచో మఱియొక చిక్కు కలదు. తొట్టి నుండి క్రింది ఛాసీకి విద్యుత్తు కీళ్ల ద్వారమున రావలెను. ఆ కీళ్లకు మనమే నిండుగా గ్రీజు పెట్టుచున్నాము.

బ్రేకు తొక్కగా ఆఱు దీపము

ఎర్తు చెడినదని తెలుపు గుఱుతులలో ఒకటి మిగుల విచిత్రమైనది, మిగుల ప్రమాదకరమైనదియు. వెనుక దీపము వెలుగుచునే యుండును. బ్రేకు తొక్కగానే మఱింత ప్రకాశింపవలసినది పోయి, పూర్తిగా నాఱిపోవును! కాలు తీయగా మఱల వెలుగును. ఇది దయ్యపు చేష్ట కాదు.

సాధారణముగా వెనుక నుండు బల్బు ఒక్కటియే యైనను దానిలో రెండు సన్నని తీగచుట్లు కలవు. ఒకటి 5 వాట్లది, రాత్రి యెల్లప్పుడు వెలుగునది. మఱొకటి 21 వాట్లది, బ్రేకు తొక్కినప్పుడు వెలుగునది. రెండింటికిని తిరుగుదారి యొక్కటే, బల్బుయొక్క ఇత్తడి ఒడలు. ఆ దారి మూసికొనిపోయినప్పుడు, 5 వాట్ల చుట్టు గుండా వచ్చిన విద్యుత్తు ఊరకుండక, ప్రక్కనున్న 21 వాట్ల చుట్టులో ప్రవేశించి, బ్రేకు తీగ వెంబడి ముందునకు పోయి, ట్రాక్టరుయొక్క స్వంత బ్రేకు దీపముల గుండా ట్రాక్టరు ఇనుమును చేరును. అనగా గట్టు తెగిన నీరు ఇంకొకరి బోదెలో పడి పాఱునట్లు దొడ్డిదారిని పోవుచున్నది. వెనుక దీపము వెలుగుచున్నందున యజమాని నిశ్చింతగా నుండును. బ్రేకు తొక్కినప్పుడు ఆ తీగలోనికి బ్యాటరీ నుండి 12 వోల్టులు వచ్చును. అప్పుడు రెండు వైపులను సమానమైన ఒత్తిడి, విద్యుత్తు ఎటును కదలదు, దీప మాఱును. వెనుకవానికి మనము వేగము తగ్గించుచున్నామని తెలియవలసిన ఆ క్షణముననే ట్రక్కు చీకటియగును. కావున నిలిపిన బండిలో వెనుక దీపము వెలిగినదని చూచి తృప్తిపడరాదు. ఒకరు వెనుక నిలువవలెను, ఒకరు ట్రాక్టరుపై కూర్చుండి దీపములు వేసి బ్రేకు తొక్కవలెను, పిదప కుడి ఇండికేటరు, ఎడమ ఇండికేటరు వేయవలెను. ఒక ఇండికేటరు వేయగా మిగిలిన దీపములుకూడ దానితో తాళము వేయుచు మిణుకుమిణుకు మనుచున్నయెడల అదియు ఎర్తు దోషమే.

ఎర్తు పూర్తిగా తెగకుండ, తుప్పు వలన సగము మూసికొనియున్నప్పుడు జరుగు మోసము వేఱు. రెండు వెనుక దీపములకు కలిసి 10 వాట్లు, రెండు బ్రేకు దీపములకు 42, ఒక ఇండికేటరునకు 21, వెరసి 73 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీపై ఇది సుమారు 6 ఆంపియర్ల ప్రవాహము; ఇదంతయు తిరిగి రావలసినది ఆ యొక్క ఎర్తు దారినే. తుప్పు వలన అచ్చట అర ఓము నిరోధ మేర్పడినదనుకొందము. వెనుక దీపములు మాత్రమే వెలుగునప్పుడు ప్రవాహ మల్పము గనుక నష్టము అర వోల్టు కూడ నుండదు. కంటికి భేదము తెలియదు. బ్రేకును, ఇండికేటరును తోడైనప్పుడు సుమారు రెండున్నర వోల్టులు ఆ తుప్పుననే హరించిపోవును. వోల్టు తగ్గిన కొలది బల్బు వెలుతురు అంతకంటె మిక్కుటముగా తగ్గును గనుక దీపములు సగమునకును తక్కువ వెలుగును. ఇట్టిచోట మీటరు పెట్టి చూచి 12 వోల్టు లున్నవి, తీగ బాగున్నదను మెకానిక్కులు కలరు. మీటరు తాగునది చుక్క. దీపము తాగునది కడవ. చుక్క వచ్చిన దారిని కడవ రాగలదని నమ్మరాదు.

పరీక్షాదీపము

ఈ కారణమున మీటరుకంటె రైతునకు ఉపయోగకరమైనది పరీక్షాదీపము. ఇండికేటరునకు వేయు 21 వాట్ల బల్బు నొకదానిని హోల్డరుతో సహా తీసికొని, దానికి రెండు తీగ లతికి, ఒక తీగ కొనను మొసలినోటి క్లిప్పును, రెండవదానికి మొనగల సూదివంటి కమ్మిని అమర్చవలెను. దీనికి అగు ఖర్చు ఒక బల్బు ఖర్చుకంటె కొంచెమే యెక్కువ. దీనితో పాటు పది మీటర్ల పొడవు గల మంచి రాగి తీగ యొకటి, రెండు కొనలను క్లిప్పులు పెట్టి, చుట్టగా చుట్టి యుంచుకొనవలెను. ఇంజను నడపుటకు ఎలక్ట్రానిక్ పెట్టెలు గల క్రొత్త ట్రాక్టర్లలో ఈ పరీక్షాదీపమును దీపముల తీగలకు మాత్రమే వాడుడు. ఇంజను తీగలను ముట్టవలదు.

మొదట ట్రాక్టరు దీపములను చూడవలెను. ట్రాక్టరు బ్రేకు దీపమే వెలుగనప్పుడు ట్రక్కును విప్పి లాభమేమి? అట్టిచోట ఫ్యూజునో, పెడలు కడ నున్న బ్రేకు స్విచ్చినో చూడవలెను. కొన్ని ట్రాక్టర్లలో ఈ స్విచ్చి రెండు బ్రేకు పెడళ్లలో ఒకదానికే తగులును. రోడ్డుపై పోవునప్పుడు రెండు పెడళ్లకు నడుమ కొక్కెము వేసి కలుపవలెనని యందఱికిని తెలిసినదే, పాటించువారు తక్కువ. కొక్కెము వేయక రెండవ పెడలు తొక్కినచో బండి ప్రక్కకు లాగుటయే కాక దీపమును వెలుగకపోవచ్చును.

ట్రాక్టరు దీపములు సరిగా నున్నచో, ట్రక్కు ప్లగ్గును ఊడదీసి, ట్రాక్టరు వెనుక సాకెట్టులో పరీక్షింపవలెను. వెనుక దీపముల స్విచ్చి వేసి, పరీక్షాదీపపు ఒక కొనను ఎర్తు పిన్నునకు, రెండవ కొనను వెనుక దీపపు పిన్నునకు తాకింపుడు. తెల్లగా వెలిగిన ట్రాక్టరు వైపు దోషము లేదు. వెలుగకున్నను, ఎఱ్ఱగా మినుకుమన్నను, ఎర్తు పిన్నును వదలి ఆ క్లిప్పును ట్రాక్టరుయొక్క రంగులేని ఇనుమునకు పెట్టుడు. ఇప్పుడు వెలిగినచో సాకెట్టునకు వచ్చు ఎర్తు తీగయే చెడినది. ఇప్పటికిని వెలుగనిచో పోవు తీగలో తగవున్నది. ఇట్లే బ్రేకు పిన్నును, ఇండికేటరు పిన్నులను చూడవలెను.

సాకెట్టు బాగున్నదని తేలిన పిమ్మట ప్లగ్గు పెట్టి, పైన చెప్పిన పది మీటర్ల తీగను తీసికొని, ఒక కొనను ట్రాక్టరు శరీరమునకు బిగించిన బ్యాటరీ కొనకు తగిలించి, రెండవ కొనను ట్రక్కు వెనుక దీపముయొక్క లోహపు హోల్డరునకు అంటింపుడు. చచ్చిన దీపములు ఒక్కసారిగా లేచి వెలిగెనా, ఇక వెదుకనక్కఱలేదు, ఎర్తు దోషమే. ఈ తీగ పొరపాటున బ్యాటరీ రెండవ కొనను తాకకుండ జాగ్రత్త వహింపవలెను. నిప్పు రవ్వలు లేచును, తీగ కాలును. చార్జి యగుచున్న బ్యాటరీ నుండి మండెడి వాయువు వెలువడును గనుక రవ్వలు దానికడ నుండరాదు. అందుచే మొదట బ్యాటరీ కొన తగిలించి, పిదపనే దూరపు కొనను దీపమునకు తగిలించుట మేలు.

ఆ తీగతోను వెలుగనిచో హోల్డరు లోపలి సంగతి చూడవలెను. బల్బు తీసి చూచిన లోపల పచ్చని చిలుము కనబడుట సాధారణము. ఎరువులు మోసిన ట్రక్కులలో ఇది మఱియు త్వరగా పట్టును. పొటాషు, యూరియా ధూళి తేమను పీల్చుకొని రాగిని, ఇత్తడిని తినివేయును. సన్నని గరుకు కాగితముతో తోమి, అడుగు స్ప్రింగు పైకి లేచుచున్నదో లేదో చూచి, కొంచెము వాజలైను పూసి బల్బు వేయవలెను. రెండు చుట్ల బల్బునకు ప్రక్కలనుండు చిన్న మేకులు ఒకటి యెత్తుగను, ఒకటి పల్లముగను ఉండును. తిరుగవేయకుండుటకే అట్లు చేసిరి. బలవంతముగా తిరుగవేసినచో వెనుక దీపము బ్రేకు దీపమువలెను, బ్రేకు దీపము వెనుక దీపమువలెను వెలుగును. అట్టి ట్రక్కు వెనుక వచ్చువానికి బ్రేకు పడినప్పుడు వెలుతురులో భేదము అంతగా కనబడదు.

ఇక తీగ తెగు చోట్లు మన కందఱకు తెలిసినవే. డ్రాబారు మలుపుకడ తీగ చాలకున్న లాగుకొనిపోవును, ఎక్కువైన నేలను రాచుకొనును. ఛాసీ రంధ్రముల అంచులు తీగను కోయును. పశువుల పాకలో నిలిపిన బండి తీగలను ఎలుకలు కొఱుకును. వీనికంటె నీచమైనది మెలిపెట్టి నల్లటేపు చుట్టిన అతుకు. ఒక్క వానకాలము చాలును. తడి బట్టకొన నీటిని పీల్చునట్లు ఆ అతుకు నీటిని పీల్చి, పైతొడుగు చెక్కుచెదరకయే లోపలి రాగిని నల్లగా మార్చివేయును. పైకి బాగుగా కనబడు తీగను పరీక్షాదీపముతో అతుకునకు ఇవతల, అవతల చూచిన గుట్టు బయటపడును.

ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నప్పుడు

తీగ తెగినప్పుడు దీప మాఱును, ఫ్యూజు పోదు. ఫ్యూజు పోవుచున్నదనిన, పోవు తీగ యెక్కడనో ఇనుమును తాకుచున్నదని యర్థము. ఇట్టిచోట సిగరెట్టు పెట్టెలోని వెండి రేకును, కట్టుతీగను ఫ్యూజుగా వేయు వాడుక మన పల్లెలలో కలదు. ఇది మిగుల గర్హ్యము. ఫ్యూజు కాలకపోయిన తీగ కాలును. ఆ తీగ మీదనే వరిగడ్డి యున్నది. రోడ్డు మీద గడ్డి ట్రక్కు అంటుకొన్నచో ఆర్పుటకు నీరెక్కడ?

తగవును కనుగొనుట కొక సులభోపాయము. కాలిన ఫ్యూజును తీసివేసి దాని స్థానమున మన పరీక్షాదీపమునే రెండు కొనలకు తగిలింపుడు. తాకుడు ఉన్నంతవఱకు పరీక్షాదీపము పూర్ణముగా వెలుగుచుండును, తీగకు హాని జరుగదు. అప్పుడు ట్రక్కు ప్లగ్గు ఊడదీయుడు. వెలుతురు తగ్గినచో దోషము ట్రక్కులో, తగ్గనిచో ట్రాక్టరులో నున్నది. ట్రక్కులోనే యని తేలిన ప్లగ్గు మఱల పెట్టి, ఒకరు తీగను జానెడు జానెడుగా కదల్చుచు పోవలెను. ఏచోట కదల్చినపుడు పరీక్షాదీపము చప్పున తగ్గునో అచ్చటనే తొడుగు చినిగి రాగి ఇనుమును తాకుచున్నది.

ఒకరి ట్రాక్టరు, ఒకరి ట్రక్కు

మన గ్రామములలో ట్రాక్టరొకరిది, ట్రక్కొకరిది యగుట సామాన్యము. కొన్ని సంఘములు అద్దెకిచ్చు ట్రక్కులైతే వారమున కొక ట్రాక్టరు వెనుక పోవును. అందుచే ఒక ట్రాక్టరునకు సరిగా వెలిగిన ట్రక్కు, ఇంకొకదానికి తగిలింపగా కుడి ఇండికేటరు వేసిన ఎడమది వెలుగుట, బ్రేకు తొక్కిన ఇండికేటరు వెలుగుట మొదలగు వింతలు పుట్టుచున్నవి. దోషము దీపములది కాదు. ఎవరి మెకానిక్కు తన కిష్టమైన వరుసను తీగలు బిగించుటయే కారణము. ఏడు పిన్నుల ప్లగ్గునకు ఐఎస్ఓ 1724 అను అంతర్జాతీయ ప్రమాణపు వరుస యొకటి కలదు. అందు 1వ పిన్ను ఎడమ ఇండికేటరు, 2వది వెనుక మంచుదీపము, 3వది ఎర్తు, 4వది కుడి ఇండికేటరు, 5వది కుడి వెనుక దీపము, 6వది బ్రేకు దీపములు, 7వది ఎడమ వెనుక దీపము. మంచుదీపము మన ట్రక్కులకు సాధారణముగా నుండదు గనుక 2వది ఖాళీగా నుండవచ్చును. ఈ అంకెలు ప్లగ్గు లోపల పిన్నుల ప్రక్కనే అచ్చువేసి యుండును. స్థానమును బట్టి కాక అంకెను బట్టియే బిగింపవలెను. ఏలయన సాకెట్టును ముందునుండి చూచిన వరుస, వెనుక మరలు బిగించు వైపునుండి చూచినచో అద్దములో వలె తారుమారగును. తీగల రంగులను నమ్మవలదు. బజారులో దొరకు ఏడు పోగుల తీగలన్నింటికి రంగు లొక్కటే కావు. మీ ట్రాక్టరు పుస్తకములో వేఱు వరుస యున్నచో దానిని ఒక కాగితముపై వ్రాసి సంఘ కార్యాలయమున నుంచుడు. ఊరిలోని ట్రాక్టర్లవారు, ట్రక్కులవారు ఒకనాడు కూడి అన్ని ప్లగ్గులను ఒకే వరుసకు మార్చుకొనినయెడల, ఎవరి ట్రక్కు ఎవరికైనను పనికివచ్చును. ఇది ఒక్కరు చేసికొనిన ఫలములేని పని, అందఱు చేసికొనిన పూటలో నగు పని.

శాశ్వతముగా సరిచేయుట

డ్రాబారు పిన్నుపై నమ్మకము వదలుకొని, ఎర్తునకు ప్రత్యేకముగా తీగ వేయుట యొక్కటియే మార్గము. ప్లగ్గు 3వ పిన్ను నుండి బయలుదేఱి ట్రక్కు వెంబడి పోయి, ప్రతి దీపపు హోల్డరునకును అది అంటవలెను. మిగిలిన తీగలు ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల మందము కలవైనను, ఎర్తు తీగ రెండున్నర చదరపు మిల్లీమీటర్లది కావలెను. అందఱి భారము మోయునది అదియే గనుక. ఒక చోట ఛాసీకిని బిగింపవలెను. అచ్చట రంగును గీకి తెల్లని ఇనుము కనబడునట్లు చేసి, ఉంగరపు కొన గల తీగను పండ్ల వాషరుతో బిగించి, పైన గ్రీజుగాని రంగుగాని పూయవలెను. ముందు పూయుటకాదు, బిగించిన తరువాత పూయుట. అతుకులు టంకము వేయించి, వేడికి ముడుచుకొను తొడుగు వేయించిన నీరు చొరదు. తీగ మొత్తమును ఛాసీ క్రిందుగా ప్లాస్టిక్ గొట్టములో పంపి, రెండడుగుల కొకచోట బంధింపవలెను. ట్రక్కునకు వెల్డింగు చేయించునప్పుడు ప్లగ్గు తప్పక ఊడదీయుడు; వెల్డింగు విద్యుత్తు ఈ సన్నని ఎర్తు తీగ వెంబడి ట్రాక్టరును చేరి ఆల్టర్నేటరును చెఱచును.

ఇప్పుడు బల్బులకు మాఱుగా ఎల్.ఇ.డి. దీపములు విరివిగా వచ్చినవి. ఇవి తక్కువ విద్యుత్తు తీసికొనును, అదరుటకు విఱుగవు, నీరు చొరకుండ మూసియుండును, ట్రక్కునకు తగినవే. కాని ఇవి వేసినంతమాత్రమున ఎర్తు దోషము పోదు, కొంతకాలము దాగియుండును, అంతియే. ఇండికేటరునకు వీనిని వేసిన కొన్ని ట్రాక్టర్లలో మినుకులు మిక్కిలి వేగముగా పడును. ప్రవాహము తక్కువైనందున బల్బు పోయినదని ఫ్లాషరు భ్రమపడుటయే దానికి కారణము, ఎల్.ఇ.డి.కి తగిన ఫ్లాషరు వేసిన సరిపోవును.

దారిలో దీపము చెడి అప్పటికి బాగుపడనిచో ఏమి చేయవలెనను ప్రశ్న మిగిలినది. వెనుక తలుపు రెండు కొనలను ఎఱ్ఱబిళ్లలు, వానితోపాటు మెఱసెడి ఎఱ్ఱ పట్టీలు అంటించియున్నచో, విద్యుత్తు లేకున్నను వెనుకవాని హెడ్‌లైటే మనకు దీపమగును. అవి నెలకొకసారి తడిగుడ్డతో తుడిచినగాని పనిచేయవు. గడ్డి గాని, పట్టా గాని వాని మీదకు వ్రేలాడకుండ కట్టవలెను. బండి ఆగిపోయిన రోడ్డు దిగించి నిలుపవలెను. సాధ్యము కానిచో ఎఱ్ఱని త్రికోణపు పలకను వెనుక ఏబది మీటర్లకు తక్కువ కాని దూరమున నుంచి, ఒక మనిషిని టార్చితో రోడ్డు అంచున నిలుపవలెను. రాళ్లును, చెట్టుకొమ్మలును పేర్చు నలవాటు మానుట మంచిది. బండి బాగుపడినంతనే మనము పోవుదుము, రాళ్లు మాత్రము అచ్చటనే యుండును. తెల్లవారుజామున పాలబిందెలతో మోటారు సైకిలుపై వచ్చు మన యూరివాడే వానిపై పడును. పరీక్షాదీపము, పది మీటర్ల తీగ, రెండు బల్బులు, నాలుగు ఫ్యూజులు, గరుకు కాగితము, త్రికోణపు పలక, ఇవన్నియు ట్రాక్టరు పనిముట్ల పెట్టెలో చోటు పట్టును.